ఆయన 900 డాలర్లు కడుతున్నాడు, నా చేతికి 200 వస్తున్నాయి. మిగతా డబ్బు ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి, కాలిఫోర్నియా

అందరికీ నమస్కారం. మన వాళ్ళలో వెల్ఫేర్ తీసుకుంటున్నామని ఎవరూ బయటికి చెప్పుకోరు. తెలిసినవాళ్ళని అడుగుదామంటే ముందు ఆ మాట చెప్పాలి కదా అని ఆగిపోయాను. పేరు లేకుండా అడగొచ్చు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మేం విడిపోయాం. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఐదు. ఇద్దరూ ఇక్కడే పుట్టారు, నాకు గ్రీన్‌కార్డ్ ఉంది. టెస్టింగ్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగం చేసేదాన్ని, అది అయిపోయాక ఇంకోటి దొరకలేదు. చేతిలో ఉన్నది అద్దెకే సరిపోక కాల్‌వర్క్స్ అనే ప్రభుత్వ నగదు సాయానికి అప్లై చేశాను. ముగ్గురికి కలిపి వెయ్యి డాలర్ల పైచిలుకు గ్రాంట్ వస్తోంది, క్యాల్‌ఫ్రెష్ (తిండి సరుకులకి ఇచ్చే సాయం), మెడికల్ (మన రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా) వేరే.

చైల్డ్ సపోర్ట్ (పిల్లల పోషణకి తండ్రి కట్టే డబ్బు) నెలకి 900 అని కోర్టు ఆర్డర్ అంతకుముందే ఉంది. మొదట్లో ఆయన కొన్ని నెలలు అసలు కట్టలేదు. ఇప్పుడు జీతంలోంచే కోస్తున్నారు. ఆన్‌లైన్‌లో నా అకౌంట్ తెరిస్తే ప్రతి నెలా 900 కట్టినట్టు కనిపిస్తుంది. నాకు వచ్చేది మాత్రం 200. ఆఫీసుకి ఫోన్ చేస్తే "మీరు హక్కులు రాసిచ్చారు కదా" అన్నారు. అప్లికేషన్ రోజున సంతకాలు పెట్టిన కాగితాల కట్టలో అది కూడా ఉందట. పాప ఒళ్ళో ఏడుస్తుంటే ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను.

డబ్బు కంటే ఎక్కువ బాధ ఇంకోటి. ఆయన తన వాళ్ళందరికీ "నెల నెలా 900 పారేస్తున్నా, పిల్లలకి సరైన బూట్లు కూడా ఉండవు, ఆ డబ్బంతా ఏం చేస్తోందో" అని చెబుతున్నాడు. ఆ మాట తిరిగి తిరిగి గుంటూరులో మా అమ్మ దాకా వెళ్ళింది. అమ్మ ఫోన్ చేసి, అడగలేక అడగలేక అడిగింది. ఏం చెప్పాలో నాకే తెలియలేదు.

ఇప్పుడు ఆయన కొత్తగా ఇంకోటి అంటున్నాడు: "కేసు క్లోజ్ చేయించు, నేను నెలకి 600 నేరుగా జెల్ (ఫోన్‌లో బ్యాంకు నుంచి డబ్బు పంపే యాప్) చేస్తా, గవర్నమెంట్‌కి ఎందుకు పోవాలి?" 200 కంటే 600 ఎక్కువే కదా అనిపిస్తోంది. తీసుకోవచ్చా? మిగతా 700 ఎవరికి పోతోంది? ఎప్పటికీ ఇంతేనా? ఒక చిన్న కంపెనీలో పార్ట్‌టైమ్ పని దొరికేలా ఉంది, చేరితే ఏమవుతుంది? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

జవాబు: బే ఏరియా బావ

చదువుతుంటేనే కోపం వస్తోందండీ. తండ్రి కట్టిన డబ్బు ప్రభుత్వం ఉంచుకోవడమేంటి? ఇది పక్కా అన్యాయం. మంచి లాయర్‌ని పెట్టుకోండి. ఈలోగా ఆ 600 తీసుకోండి, జెల్‌లో వస్తే ఎవరు చూస్తారు? పిల్లల కడుపు ముఖ్యం.

జవాబు: రిటైరైన కేస్‌వర్కర్

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ 600 ఇలా తీసుకోవద్దు. పైన రాసిన బాబు మంచి మనసుతోనే చెప్పాడు, కానీ ఆ సలహా పాటిస్తే చిక్కుల్లో పడేది నువ్వే. కారణం కింద చెబుతాను. నేను ఈ రాష్ట్రంలోనే ఒక కౌంటీ చైల్డ్ సపోర్ట్ ఆఫీసులో చాలా ఏళ్ళు కేస్‌వర్కర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నీ ప్రశ్న ప్రతి వారం ఏదో ఒక భాషలో వినేదాన్ని. అడిగే తల్లి గొంతు మాత్రం ఎప్పుడూ ఇలాగే ఉండేది, తనే ఏదో తప్పు చేసినట్టు. నువ్వే తప్పూ చేయలేదు.

సంతకం సంగతి. టానిఫ్ అని పేద కుటుంబాలకి నగదు సాయం ఇచ్చే ఫెడరల్ ప్రభుత్వ పథకం ఉంది, దానికి మన రాష్ట్రం పెట్టుకున్న పేరే కాల్‌వర్క్స్. ఆ సాయం తీసుకునే ప్రతి కుటుంబం, సాయం అందుతున్నంత కాలం వచ్చే చైల్డ్ సపోర్ట్ హక్కుని రాష్ట్రానికి రాసివ్వాలి. ఇది నీ ఒక్కదానికి పెట్టిన షరతు కాదు, దేశమంతటా చట్టం. నువ్వు సంతకం పెట్టింది బహుశా సీడబ్ల్యూ 2.1 అనే ఫారం. కోర్టు ఆర్డర్‌లో భార్యకి భరణం కూడా ఉంటే అది కూడా ఇందులోకే వస్తుంది. ఇల్లు గడవని రోజున, పక్కన పిల్లలు ఏడుస్తుండగా ఆ కాగితం ఎవరు చదువుతారు? చదివినా పెట్టకుండా ఉండగలరా? అది లేకపోతే గ్రాంటే లేదు.

దీని వెనక ఆలోచన ఏంటంటే, తండ్రి పోషించాల్సిన పిల్లల్ని ప్రభుత్వం పోషిస్తోంది కాబట్టి తండ్రి దగ్గర వసూలైనది ప్రభుత్వం ఖర్చుకి జమ చేసుకోవాలి అని. 1975లో ఫెడరల్ చైల్డ్ సపోర్ట్ వ్యవస్థ పెట్టినప్పటి నుంచీ ఇదే లెక్క. 1984లో కాంగ్రెస్ కాస్త కరుణించి, నెలలో వసూలైన దాంట్లో మొదటి 50 డాలర్లు కుటుంబానికి ఇవ్వాలంది. 1996లో వెల్ఫేర్ చట్టాన్ని మొత్తం మార్చినప్పుడు ఆ నియమం తీసేసి, ఇవ్వాలో వద్దో రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. 2005లో చేసిన ఇంకో చట్టంతో కొంచెం దారి తెరుచుకుంది. ఒక బిడ్డ ఉంటే నెలకి 100, ఇద్దరు అంతకంటే ఎక్కువ ఉంటే 200 దాకా కుటుంబానికి వదిలేస్తే, ఆ మేరకి ఫెడరల్ ప్రభుత్వం తన వాటా అడగదు. అయినా కాలిఫోర్నియాలో చాలా ఏళ్ళు 50 డాలర్లే ఇచ్చాం. 2022 జనవరి నుంచి 100, 200 అయ్యాయి. నీకు వస్తున్న 200 అదే, దాన్ని పాస్‌త్రూ అంటారు. ఆ 200 కారణంగా నీ కాల్‌వర్క్స్ గ్రాంట్ తగ్గదు.

మిగతా 700 ప్రభుత్వాలకి పోతుంది. మన రాష్ట్రంలో అందులో సుమారు సగం ఫెడరల్ ఖజానాకి, మిగతాది రాష్ట్రం వైపుకి. పిల్లల పేరు మీద వసూలైన డబ్బు, పిల్లలు చూడకుండానే వెళ్ళిపోతుంది. ఉద్యోగంలో ఉండి ఈ నియమం అమలు చేసినదాన్నే నేను. అప్పుడూ ఇది సరి కాదనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. విస్కాన్సిన్‌లో 1997లో మొత్తం డబ్బు కుటుంబానికే వదిలి చూశారు. యూనివర్సిటీ వాళ్ళు దాన్ని పరిశీలిస్తే, డబ్బు తన పిల్లలకే చేరుతుందని తెలిసినప్పుడు కట్టే తండ్రులు పెరిగారని తేలింది. దీనికి పెద్ద పరిశోధన కూడా అక్కర్లేదు, కౌంటర్‌కి ఇవతల కూర్చున్న ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇక ఎప్పటికీ ఇంతేనా అన్నావు. కాదమ్మా. మూడు సంగతులు జాగ్రత్తగా విను.

నువ్వు రాసిచ్చింది సాయం అందుతున్న నెలల సపోర్ట్ వరకే. కాల్‌వర్క్స్‌కి రాకముందు ఆయన ఎగ్గొట్టిన నెలలున్నాయన్నావు చూడు, ఆ బాకీ నీది, రాష్ట్రానిది కాదు. ఒకప్పుడు పాత బాకీలు కూడా రాయించుకునేవాళ్ళు, 2005 చట్టం తర్వాత అది పోయింది. మీ కేసులో ఆ నెలలు నీ పేరు మీదే నమోదయ్యాయో లేదో తప్పకుండా చూసుకో. అకౌంట్‌లో బాకీ రెండు రకాలుగా ఉంటుంది, కుటుంబానికి రావాల్సింది, రాష్ట్రానికి రావాల్సింది. అర్థం కాకపోతే ప్రతి నెలా ఎంత వసూలైంది, ఎవరికి ఎంత వెళ్ళింది అన్న లెక్క కాగితం మీద ఇమ్మని అడుగు. అది నీ హక్కు.

రెండోది, రాష్ట్రం ఉంచుకునేదానికి ఒక హద్దు ఉంది. నీ కుటుంబానికి ఇచ్చిన గ్రాంట్ మొత్తం ఎంతో, అంతకు మించి ఉంచుకోకూడదు.

మూడోది, కాల్‌వర్క్స్ ఆగిన నెల నుంచి నెలసరి సపోర్ట్ పూర్తిగా, 900కి 900, నీదే. పాత బాకీల విషయంలో కూడా మన రాష్ట్రం ఈ మధ్య మంచి పని చేసింది. సాయం వదిలేసిన కుటుంబాలకి, రాష్ట్రానికి రాసిచ్చిన బాకీ మీద వసూలైన డబ్బు కూడా 2024 మే నుంచి కుటుంబానికే ఇస్తున్నారు. ఆ వార్త విన్న రోజు నాతో పనిచేసినవాళ్ళందరికీ ఫోన్ చేశాను.

ఇప్పుడు ఆ 600 సంగతి. కాల్‌వర్క్స్ మీద ఉండగా తండ్రి నేరుగా ఇచ్చిన సపోర్ట్ డబ్బుని కూడా నువ్వు చైల్డ్ సపోర్ట్ ఆఫీసుకి అప్పగించాలి. ఆ ఫారంలోనే ఉంది. దాచి వాడుకుంటే, రేపు బయటపడినప్పుడు గ్రాంట్ ఎక్కువ తీసుకున్నావని వెనక్కి కట్టమంటారు. కావాలని దాచావని తేలితే మోసం కేసు దాకా పోతుంది. జెల్ అంటే ప్రతి పైసాకి తేదీతో సహా రికార్డ్. రేపు కోర్టులో ఆ రికార్డ్ చూపించేది ఆయనే కావొచ్చు. పైగా 900 ఆర్డర్ ఉండగా 600కి నువ్వు నోటిమాటగా ఒప్పుకుంటే, అదే మొత్తం అని తర్వాత వాదించడానికి ఆయనకి అవకాశం ఇచ్చినట్టు. కేసు క్లోజ్ చేయడం కూడా సాయం తీసుకుంటున్నంత కాలం నీ చేతిలో లేదు. సహకరించడం షరతు. సరైన కారణం లేకుండా సహకరించకపోతే గ్రాంట్‌లో 25 శాతం కోస్తారు, కొన్ని రాష్ట్రాల్లో మొత్తం ఆపేస్తారు.

సరైన కారణం అంటే ఏంటో కూడా చెప్పాలి, ఇది చదివే వేరే అమ్మాయిలకి పనికొస్తుంది. ఆయన కొట్టేవాడైతే, సపోర్ట్ అడిగితే నీకో పిల్లలకో ప్రమాదం ఉంటే, సహకరించనక్కర్లేదు. "గుడ్ కాజ్" అని కౌంటీ వర్కర్‌కి చెప్పాలి. పోలీస్ రిపోర్ట్ లేదని వెనకాడొద్దు. డాక్టర్ కాగితం, కోర్టు కాగితం, లేదా జరిగింది నువ్వే రాసి సంతకం పెట్టిన వాంగ్మూలం, ఏది ఉంటే అది ఇవ్వొచ్చు. మన అమ్మాయిలు దీన్ని వాడుకోవడం చాలా తక్కువ. అడగరు, భయపడి అడ్రస్ బయటపెట్టేస్తారు, తర్వాత తలుపు చప్పుడైతే వణుకుతారు. వర్కర్ అడిగేదాకా ఆగకుండా మీరే నోరు తెరిచి చెప్పండమ్మా.

పార్ట్‌టైమ్ సంగతి. చేరు, తప్పకుండా చేరు. కానీ చేరిన రోజు నుంచీ ఒక లెక్క వేసుకుంటూ ఉండు. జీతం పెరిగేకొద్దీ గ్రాంట్ తగ్గుతుంది. ఉదాహరణకి గ్రాంట్ 400కి దిగిందనుకో. 400, పాస్‌త్రూ 200, కలిపి 600. అదే సాయం వద్దని రాసిస్తే సపోర్ట్ 900 పూర్తిగా వస్తుంది. అంటే ఆ దశలో సాయం తీసుకోవడం వల్ల నెలకి 300 పోగొట్టుకుంటున్నట్టు. ఈ మాట వర్కర్ తనంతట తను నీకు చెప్పకపోవచ్చు. వాళ్ళ నెత్తిన వందల కేసులుంటాయి. నువ్వే అడగాలి: "ఇప్పుడు నా గ్రాంట్ ఎంత, నా పేరు మీద వసూలవుతున్న సపోర్ట్ ఎంత, మానేస్తే నా చేతికి ఎంత వస్తుంది?" ఇంకోటి కూడా ఉంది. పెద్దవాళ్ళకి కాల్‌వర్క్స్ జీవితం మొత్తంలో 60 నెలలే. అవసరం లేని నెలలు వాడేసుకోవడం ఎందుకు, దాచుకుంటే కష్టకాలంలో అక్కరకొస్తాయి.

అయితే ఆయన జీతంలోంచి ప్రతి నెలా తప్పకుండా కోస్తున్నారా లేదా చూసుకున్నాకే సాయం వదులు. సపోర్ట్ ఒక నెల వచ్చి రెండు నెలలు రాకపోతే, చేతిలో గ్రాంటూ ఉండదు.

జవాబు: కొలరాడో నుంచి

మేడమ్ చెప్పినదానికి ఒక చిన్న మాట కలుపుతాను. నేను కొలరాడోలో ఉంటాను. ఇక్కడ 2017 ఏప్రిల్ నుంచి, సాయం తీసుకుంటున్న కుటుంబాలకి కూడా నెలసరి చైల్డ్ సపోర్ట్ మొత్తం ఇచ్చేస్తున్నారు, దాని కోసం గ్రాంట్‌లో కోత పెట్టరు.  నాకు వచ్చేది ఏమంత పెద్ద మొత్తం కాదు. కానీ మా వాడి సైకిల్, చలికోటు వాళ్ళ నాన్న డబ్బుతో కొన్నానని వాడికి చెప్పగలిగాను. వాళ్ళ నాన్నకి కూడా చెప్పాను. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా మాటలు కాస్త నెమ్మదించాయి.

కాబట్టి వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు దయచేసి "కాలిఫోర్నియాలో 200 కదా, మాకూ అంతేనేమో" అనుకోకండి. కొన్ని చోట్ల అసలు ఏమీ ఇవ్వరు, కొన్ని చోట్ల కొంత, మా దగ్గర మొత్తం. ఇల్లు మారి వేరే రాష్ట్రానికి వెళ్తుంటే ముందు ఇది కనుక్కోండి.

జవాబు: కట్టేవైపు నుంచి ఒక తండ్రి

నేను ఇక్కడ అవతలి పక్షం. డైవర్స్ అయింది, చైల్డ్ సపోర్ట్ కడుతున్నాను, మా అమ్మాయి వాళ్ళ అమ్మ కొంతకాలం వెల్ఫేర్ తీసుకున్నారు.

చెల్లెమ్మా, మీ ఆయనకి ఈ సంగతి నిజంగానే తెలియకపోయి ఉండొచ్చు. మా పేస్లిప్‌లో కోత కనిపిస్తుంది, అది ఎక్కడికి చేరిందో కనిపించదు. కంపెనీ వాళ్ళు కోసిన ఏడు పనిదినాల్లో రాష్ట్రానికి పంపాలి, రాష్ట్రం రెండు పనిదినాల్లో బయటికి పంపాలి, ఇంతే మాకు తెలిసేది. "బయటికి" అంటే పిల్ల దగ్గరికే అనుకుంటాం. నాకు తెలిసింది మా అమ్మాయి వాళ్ళ అమ్మ లెక్క కాగితం ఫోటో తీసి పంపినప్పుడు. ఒక్క మాట కూడా రాయలేదు, ఫోటో మాత్రమే. ఆ తర్వాత ఇంకేం అడగాల్సిన పని లేకపోయింది. మీరు కూడా ఆ కాగితం తెప్పించుకుని ఆయనకి పంపండి, కావాలంటే వాళ్ళ అమ్మగారికి కూడా. వాదించకండి, కాగితమే మాట్లాడుతుంది.

కట్టే తండ్రులు ఎవరైనా చదువుతుంటే ఒక సంగతి. ఉద్యోగం పోతే "తర్వాత చూసుకుందాం" అని ఊరుకోవద్దు. ఆర్డర్ తగ్గించమని వెంటనే అప్లికేషన్ పెట్టండి. కట్టాల్సిన తేదీ దాటిన ప్రతి నెల మొత్తం కోర్టు తీర్పుతో సమానమైపోతుంది. 1986 నుంచి ఉన్న ఫెడరల్ నియమం, జడ్జికి జాలి కలిగినా వెనక నెలల బాకీ తగ్గించలేరు. అప్లికేషన్ పెట్టి అవతలివాళ్ళకి నోటీసు అందిన తేదీ నుంచే మార్చగలరు. నాకు లేఆఫ్ అయినప్పుడు ఒక స్నేహితుడు ఇది చెప్పాడు కాబట్టి ఆ వారంలోనే ఫైల్ చేశాను. బాకీ 2,500 డాలర్లు దాటితే అమెరికా పాస్‌పోర్ట్ కూడా ఇవ్వరు.

ప్రశ్న వేసినవారు: ఇద్దరు పిల్లల తల్లి

అందరికీ చాలా చాలా థాంక్స్. మేడమ్, మీరు రాసింది చదువుతుంటే ఏడుపు వచ్చింది. "నువ్వే తప్పూ చేయలేదు" అని ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఆన్‌లైన్‌లో వెతికితే మీరు చెప్పినట్టే బాకీ రెండు రకాలుగా ఉంది. కానీ ఆయన మొదట్లో కట్టని నెలలు కొన్ని రాష్ట్రం వైపు చూపిస్తున్నాయి. అవి నేను కాల్‌వర్క్స్‌లో చేరకముందు నెలలే. లెక్క కాగితం కోసం రాతపూర్వకంగా అడిగాను.

అన్నయ్యా, కాగితం రాగానే ఫోటో పంపుతాను, మీరు చెప్పినట్టు ఏమీ రాయకుండా.

ఇంకో మూడు భయాలున్నాయి. ఆయన ఈ మధ్య "ఉద్యోగం మానేసి ఇండియా వెళ్ళిపోతా, అప్పుడు ఎవరి దగ్గర వసూలు చేస్తారో చూస్తా" అంటున్నాడు. ఆయనకి ఇండియా పాస్‌పోర్టే. అలా వెళ్ళిపోతే నా గ్రాంట్ కూడా ఆపేస్తారా? రెండోది, వచ్చే ఏడాది నేను సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలి, ఈ సాయం తీసుకున్నందుకు అడ్డు వస్తుందా? మూడోది, కాల్‌వర్క్స్ మానేస్తే మెడికల్, క్యాల్‌ఫ్రెష్ కూడా పోతాయా? బాబుకి ఆస్తమా ఉంది, మెడికల్ లేకపోతే చాలా కష్టం.

జవాబు: రిటైరైన కేస్‌వర్కర్

అమ్మా, బాబు సంగతి ముందు చెబుతాను. కాల్‌వర్క్స్ వేరు, మెడికల్ వేరు. కాల్‌వర్క్స్ వదిలినంత మాత్రాన మెడికల్ పోదు. పైగా పిల్లల మెడికల్‌కి ఆదాయం లెక్కవేసేటప్పుడు చైల్డ్ సపోర్ట్‌ని ఆదాయంగా చూడరు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లోనూ అంతే, అది నీకు ఆదాయం కాదు. బాబు ఇన్‌హేలర్ గురించి టెన్షన్ పడకు.

క్యాల్‌ఫ్రెష్‌లో మాత్రం నీ చేతికి వచ్చే సపోర్ట్‌ని ఆదాయంగా లెక్కేస్తారు. 900 రావడం మొదలైతే అది తగ్గుతుంది. కానీ వెంటనే కాదు. కాల్‌వర్క్స్ నుంచి బయటికి వచ్చిన కుటుంబాలకి ట్రాన్సిషనల్ క్యాల్‌ఫ్రెష్ అని ఐదు నెలలు ఒకే మొత్తం ఇస్తారు. అది వస్తోందో లేదో అడుగు. పాపని చూసుకోవడానికి చైల్డ్‌కేర్ సాయం కూడా కాల్‌వర్క్స్ మానేశాక రెండేళ్ళ దాకా ఉండే వీలుంది, దాన్ని స్టేజ్ టూ అంటారు. పనిలో చేరే ముందే దీని గురించి మాట్లాడు, ఆలస్యమైతే జీతం మొత్తం డేకేర్‌కే పోతుంది.

సిటిజన్‌షిప్‌కి పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారా అని చూడటం) అనే పరీక్ష లేదు. చట్టబద్ధంగా అర్హత ఉండి, నిజాలు చెప్పి తీసుకున్న సాయం అక్కడ అడ్డు కాదు. అడ్డయ్యేది ఆ జెల్ డబ్బు దాచడం లాంటిది, ఎందుకంటే అప్పుడు ప్రశ్న నిజాయితీ మీదకి పోతుంది. గ్రీన్‌కార్డ్ ఇంకా రానివాళ్ళ సంగతి మాత్రం వేరు. టానిఫ్ లాంటి నగదు సాయం వాళ్ళ అప్లికేషన్ మీద ప్రభావం చూపగలదు, అందుకే వాళ్ళు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాలి. గ్రీన్‌కార్డ్ వచ్చినా, మొదటి ఐదేళ్ళు ఫెడరల్ టానిఫ్ డబ్బు రాదు. కాలిఫోర్నియా తన డబ్బుతో ఇస్తోంది కాబట్టి ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. అమెరికాలో పుట్టిన పిల్లలకి మాత్రం ఈ ఐదేళ్ళ ఆంక్ష ఎక్కడా వర్తించదు, తల్లికి అర్హత లేకపోయినా పిల్లల పేరు మీద అడగొచ్చు.

ఇక ఇండియా బెదిరింపు. ఆయన కట్టినా కట్టకపోయినా నీ గ్రాంట్ ఆగదు. నువ్వు సహకరిస్తున్నావా లేదా అన్నదే షరతు, ఆయన కడుతున్నాడా అన్నది కాదు. ఆయన కట్టని నెల నీకు పోయేది ఆ 200 మాత్రమే. అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు.

వసూలు చేయడం మాత్రం నిజంగానే కష్టం. పిల్లల పోషణ డబ్బు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వసూలు చేసే 2007 హేగ్ ఒప్పందంలో అమెరికా ఉంది, ఇండియా లేదు. ఇక్కడి కోర్టు డిక్రీని అక్కడ నేరుగా అమలు చేయించే వీలూ లేదు, ఇండియా సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ కింద గుర్తించిన దేశాల్లో అమెరికా లేదు. అక్కడ కొత్తగా దావా వేయాల్సిందే. కానీ ఆయన వెళ్ళిపోయినంత మాత్రాన ఇక్కడి ఆర్డర్ చెరిగిపోదు. నెల నెలా బాకీ పెరుగుతూనే ఉంటుంది. ఇక్కడ ఆయనకి బ్యాంకు ఖాతా, ఇల్లు, ట్యాక్స్ రీఫండ్ ఏది ఉన్నా దాని మీద పడొచ్చు. అందుకని ఆయన ఖాతాలు, ఉద్యోగం చేసే చోటు, ఆస్తులు, అక్కడి అడ్రస్ నీకు తెలిసినంత వరకు ఇప్పుడే కేస్‌వర్కర్‌కి రాసి ఇవ్వు. మనిషి వెళ్ళిపోయాక వెతకడం చాలా కష్టం. అలా అని ఆయన మాటకి భయపడి 600కి ఒప్పుకోకు. గ్రీన్‌కార్డ్, ఉద్యోగం వదులుకుని వెళ్ళడం నోటితో అన్నంత తేలిక కాదు.

కాల్‌వర్క్స్‌కి ముందు నెలలు రాష్ట్రం వైపు పడ్డాయన్నావు. ఇది తరచూ జరిగే పొరపాటే, కానీ వాళ్ళంతట వాళ్ళు దిద్దుతారని కూర్చోవద్దు. నీకు కాల్‌వర్క్స్ మంజూరైన నోటీసు తీయి, అందులో మొదలైన తేదీ ఉంటుంది. దాని కాపీ, కోర్టు ఆర్డర్ కాపీ జతచేసి, "ఈ తేదీకి ముందు నెలల బాకీ కుటుంబానిది, సరిచేయండి" అని ఒక్క పేజీ ఉత్తరం చైల్డ్ సపోర్ట్ ఆఫీసుకి ఇవ్వు. నీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకో. జవాబు రాకపోతే అదే ఆఫీసులో కంప్లైంట్ ఫారం ఉంటుంది. దానికిచ్చిన జవాబు కూడా నచ్చకపోతే స్టేట్ హియరింగ్ (రాష్ట్రం జరిపే విచారణ) అడగొచ్చు. లాయర్ అక్కర్లేదు, తెలుగు దుభాషిని ఇమ్మంటే ఉచితంగా ఇవ్వాలి. బే ఏరియా బావ గారు లాయర్ అన్నారు, కావాలంటే మీ కౌంటీలో ఫ్యామిలీ లా ఫెసిలిటేటర్ అని ఇలాంటి కేసుల్లో సాయం చేసేవాళ్ళు కోర్టులోనే ఉంటారు, వాళ్ళు కూడా డబ్బు తీసుకోరు.

పార్ట్‌టైమ్‌లో చేరాక ఆదాయం ఒక హద్దు దాటితే పది రోజుల్లో కౌంటీకి చెప్పాలి. నీ హద్దు ఎంతో నోటీసులో ఐఆర్‌టీ అని రాసి ఉంటుంది. మొదటి పేస్లిప్ రాగానే ఆ అంకెతో పోల్చి చూడు, దాటితే అదే రోజు పంపు. గ్రాంట్ కొత్త లెక్క చేతికి వచ్చాక ఇక్కడ రాయి, వదలాలా వద్దా అన్నది కలిసి కూర్చుని లెక్కేద్దాం.